కోనసీమ లంకలు: మూడు దినముల యన్నము

కోనసీమలో అన్నమునకు కొరత కలదని యెవరైన పలికినచో వినువారు నవ్వుదురు. గౌతమికిని వసిష్ఠకును నడుమ, వైనతేయము నడిబొడ్డున పారగా, సముద్రము హద్దుగా వెలసిన యీ ముక్కోణపు భూమి తెలుగుదేశమునకు ధాన్యపుగాదె. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి వరిచేలును, కొబ్బరితోటలును, అరటియు, పనసయు, మామిడియు నీ సీమకు పేరు తెచ్చినవి. అట్టి చోట, ఇంట పుట్లకొలది ధాన్యముండగా, దొడ్డిలో కొబ్బరికాయలు రాశిగా పడియుండగా, మనుష్యులు రెండు మూడు దినములు పస్తులుందురన్నచో నమ్మశక్యము కాకుండును. కాని పెద్ద వరద వచ్చినప్పుడెల్ల లంకలలో జరుగుచున్నది ఇదియే. ఆ విషయమును గూర్చి పాఠకులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

దీనికి కారణము సులభముగానే తెలియును. ధాన్యము అన్నము కాదు. ధాన్యము అన్నమగుటకు దంపుడు కావలయును, పొడిగా మండు పొయ్యి కావలయును, మంచినీరు కావలయును, నిలిచి వండుటకు తడియని చోటు కావలయును. వరద వచ్చిన గడియలోనే యీ నాలుగును ఒక్కుమ్మడి పోవును. గాదె నిండియే యుండును. గాదె క్రింద మోకాలిలోతు నీరుండును. కట్టెలు తడియును, గ్యాసుబండ తేలిపోవును, చేతిపంపు మునుగును, కుళాయిలో బురద వచ్చును. ఇంటివారు పిల్లలతోడను, మేకలతోడను గట్టుపైకో, ఇరుగింటి డాబాపైకో చేరుదురు. అక్కడ వారికి కావలసినది ధాన్యము గాదు, బియ్యము గాదు. వండకయే, నిప్పు లేకయే, వీలైనచో నీరును లేకయే నోటబెట్టుకొనదగిన ఆహారము కావలయును.

గోదావరి నేర్పిన పాఠము

ఇది ఏదో యుగమున కొకసారి వచ్చు నాపద యని యూరకుండుటకు వీలులేదు. 1839 నవంబరులో గౌతమీ ముఖమునకు చేరువనున్న కోరంగి రేవును తుపానుతోడి సముద్రపు టుప్పెన నాశనము చేసిన సంగతి చరిత్ర యెరిగినవారికి తెలియును. అంత వెనుకకు పోనక్కరలేదు. 1986 ఆగష్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహించెను. పలుచోట్ల గట్లు తెగెను. కోనసీమలో అదివరకు వరదయన్న మాట వినుటయే గాని కంటజూడని గ్రామములు సైతము నీట మునిగినవి. 2006 ఆగష్టులో 28 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చెను. 2022 జూలైలో, ఇంకను నాట్లైనను పూర్తికాని దినములలో, 25 లక్షలకు పైబడి వచ్చెను. గన్నవరము, అయినవిల్లి, మామిడికుదురు, సఖినేటిపల్లి మండలములలోని లంకలవారు దినములతరబడి నీటి నడుమ గడపిరి.

వరద యొక వైపు; తుపాను మరియొక వైపు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను కోనసీమను నిలువున కూల్చినది. వేయిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. తీరమున మత్స్యకారుల పల్లెలకు అంతులేని నష్టము కలిగెను. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకొరిగెను. ఆ చెట్లే బాటలకు అడ్డముగా పడుటచేత సాయము తెచ్చువారు ఊళ్లకు చేరుటయే కష్టమైనది. కరెంటు తిరిగి వచ్చుటకు పలుచోట్ల వారములు పట్టెను. ఇటీవల, 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి, మొంథా తుపాను నరసాపురము సమీపమున తీరము దాటుచు రాజోలు, సఖినేటిపల్లి ప్రాంతముల ప్రజలను మరల జాగరము చేయించెను. ఈసారి హెచ్చరిక ముందుగా అందినది. తీరవాసులను ముందుగా తరలించిరి. నాటి ప్రాణనష్టము మరల జరుగలేదు. వాతావరణ శాఖవారి విద్యయు, అధికారుల శ్రమయు ఈ విషయమున ఎంతయో ముందునకు పోయినవని ఒప్పుకొనుట న్యాయము.

ప్రాణములను కాపాడు విద్య పెరిగినది గాని, కాపాడిన ప్రాణములకు మొదటి మూడు దినములు ఆహారమిచ్చు విద్య మాత్రము పూర్వపు స్థితిలోనే యున్నది. జూలై నుండి సెప్టెంబరు వరకు వరద, అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపాను: ఏటికి ఆరుమాసములు ఈ సీమకు గండములే. ఆరుమాసముల గండమునకు ఆరుదినముల సన్నాహమైన లేకపోవుట మనకు గౌరవము కాదు.

పొట్లముల వలన ఎంత ప్రయోజనము

వరదనాడు మనము చేయుచున్న దేమి? పట్టణమున ఒక కల్యాణమండపములోనో, పాఠశాలలోనో పెద్ద గుండిగలు పెట్టి పులిహోర వండుదురు. యువకులు, మహిళలు, సంఘములవారు రాత్రియంతయు మేల్కొని పొట్లములు కట్టుదురు. వానిని లారీలకెత్తి, గట్టువద్ద దింపి, పడవలలోనికి మార్చి లంకలకు పంపుదురు. ఈ పని చేయువారి సహృదయతకు మేము నమస్కరింతుము. అమలాపురము, కొత్తపేట, రాజోలు పట్టణములవారు ఇట్టి సమయములందు చూపు ఉదారత కొనియాడదగినది. పులిహోరను ఎన్నుకొనుటలోను తెలివి కలదు. చింతపండు పులుసును, నూనెయు, పసుపును అన్నమును కొంతకాలము చెడకుండ కాపాడును.

ఐనను ఈ పద్ధతికి మూడు లోపములు కలవు. మొదటిది కాలము. వండినది మొదలు తినువరకు గడచు గంటలను లెక్కింపుడు. ప్లాస్టికు సంచిలో వేడిగా కట్టిన అన్నము, వానలో, పడవలో, ఎండలో తిరిగి సాయంకాలమునకు లంక చేరునప్పటికి తరచుగా పులిసి యుండును. ఆకలిగొన్నవాడు దానిని తినక మానడు. తిన్న పిమ్మట వాంతులు, విరేచనములు. డాక్టరు రాలేని చోట విరేచనములు ఆకలి కంటె ప్రమాదకరము. రెండవది దూరము. ముక్తేశ్వరము వద్ద ఎదురుబిడియము బాటయు, కనకాయలంక బాటయు పెద్ద వరద రాకమునుపే నీట మునుగుట ఏటేట చూచుచున్నాము. ఉరవడి హెచ్చిన దినమున పడవ నడుపుట పడవవాని ప్రాణముతో చెలగాటము. సరిగా ఏ దినమున ఆహారము మిక్కిలి కావలయునో ఆ దినముననే అది చేరదు. మూడవది హెచ్చుతగ్గులు. బాట దగ్గరనున్న పేటకు నాలుగుసార్లు పొట్లములు వచ్చును. చివరనున్న పేటకు ఒక్కసారియు రాదు. ఆ చివరిపేటలో ఎవరు కాపురముందురో పాఠకులు ఎరుగుదురు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టరులతోడను, డ్రోనులతోడను పొట్లములు జారవిడుచుట యెల్లరు చూచిరి. అది నూతన విద్య, మెచ్చదగినదే. కాని మహానగరమున, అంతటి ప్రభుత్వ యంత్రాంగము నడుమనే ఇంటింటికి ఆహారము చేర్చుట ఎంత దుష్కరమైనదో ఆ దినములే ఋజువు చేసినవి. విజయవాడలోనే యట్లైనచో, నాలుగువైపుల గోదావరి చుట్టుముట్టిన చిన్నలంక మాట వేరుగ చెప్పవలయునా?

ఇంకొక విషయము. లంకవారిని ముందుగా శిబిరములకు తరలింపవచ్చును గదా యని కొందరందురు. తరలింపవలసినదే. కాని పాడిపశువులను విడిచి కదలని రైతును, పడవయు వలయు విడిచి రాని మత్స్యకారుని, మంచముపట్టిన తల్లిని విడువలేని కొడుకును మనమెరుగుదుము. ఎంత చెప్పినను కొందరు నిలిచియుందురు. వారిని నిందించుటచే ప్రయోజనము లేదు. నిలిచిపోవువారు ఉందురని ముందుగనే తలచి ఏర్పాటు చేయుట వివేకము.

సైనికుని సంచి

వండక తినదగిన ఆహారమును నిలువచేయు సమస్య క్రొత్తది కాదు. సేనలు నడపిన ప్రతి ప్రభుత్వమునకును ఇది తలనొప్పియైనది. ఫ్రాన్సులో నికొలాస్ అపేర్ అను మిఠాయిల వర్తకుడు గాజుసీసాలలో ఆహారమును మూసి, మరుగునీట కాచి, నెలలతరబడి చెడకుండ నిలుపవచ్చునని చూపి, 1810లో అక్కడి ప్రభుత్వమునుండి 12,000 ఫ్రాంకుల బహుమానము పొందెను. సీసా స్థానమున రేకుడబ్బా వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున సిపాయిలు డబ్బాల ఆహారముతోనే ఖండములు దాటిరి. డబ్బా బరువైనది గనుక దానికి మారుగా మెత్తని సంచిని కనుగొనిరి. అమెరికా సైన్యము 1981 నుండి అట్టి సంచులలోని భోజనమును తన భటులకిచ్చుచున్నది. పలుచని అల్యూమినియపు రేకును ప్లాస్టికు పొరల నడుమ నుంచి చేసిన యీ సంచిలో వండిన పదార్థమును గాలి చొరకుండ మూసి, ఆవిరి ఒత్తిడిలో ఇంచుమించు 121 డిగ్రీల వేడిమిలో కాగనిత్తురు. చెరచు క్రిములు చచ్చును. క్రొత్తవి లోన చొరలేవు. అంతే దాని రహస్యము.

మనదేశమును ఈ విద్యలో వెనుకబడలేదు. మైసూరులో 1950లో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమును, 1961లో రక్షణశాఖ ఆహార పరిశోధనాలయమును వెలసినవి. హిమాలయపు మంచులో కావలి కాయు జవానునకు ఉప్మా, పులావు, పప్పు మొదలగు స్వదేశపు వంటలను సంచులలో నిలువచేసి అందించు మార్గమును వారు కనుగొనిరి. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షమునకు పోయినప్పుడు మైసూరువారు చేసిన మామిడిపండ్ల బిళ్ళలు వెంట పోయినవి. 2018లో కేరళము వరదపాలైనప్పుడు మైసూరులోని పరిశోధనాలయమువారు సిద్ధాహారపు పొట్లములు వేలకొలది చేసి పంపిరి. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలను వీడి వంటశాలలో నిలుచుట దేశసేవయే గదా!

అట్లని ప్రతి లంకకును సైనికుల భోజనపు సంచులను కొని నింపవలెనని మేము చెప్పము. అవి వెలగలవి. వానిని చేయు యంత్రములు మన ఊరిలో లేవు. ఊరివారికి వాని రుచి అలవాటు లేదు. పరుల కొట్టునుండి వచ్చిన దానిని పరులే పంచవలయును. అప్పుడు మరల ఎదురుచూపే మిగులును. మైసూరునుండి మనము తెచ్చుకొనదగినది కూర కాదు, సంచి. గాలియు తడియు చొరని సంచిలో ఆహారమును మూయుట యను సూత్రమొక్కటి మనకు చాలును. లోపల పెట్టవలసినది మన యింటనే యున్నది.

మన యింటి విద్య

అటుకులను గూర్చి యోచింపుడు. ధాన్యమును నానబెట్టి, వేచి, వేడిమీద దంచి అటుకులు చేయుదురు. అనగా అవి అప్పటికే సగము వండిన అన్నము. నీరు చల్లిన మెత్తబడును. నీరు లేకున్నను నమిలి తినవచ్చును. కుచేలుడు మిత్రుని యింటికి కొనిపోయినవి అటుకులే. దూరప్రయాణమునకు మూటగట్టుకొనదగినది ఏదియో మన పూర్వులకు తెలియును. పేలాలు, మరమరాలు, వేపుడుబియ్యము, పేలపిండి, వేయించిన సెనగపప్పు, వేరుసెనగ, బెల్లము, కురిడీ కొబ్బరి, ఇవన్నియు నిప్పు అక్కరలేని ఆహారములు. మత్స్యకారుల యిండ్లలో ఎండునెత్తళ్లు, ఎండురొయ్యలు వర్షకాలపు నిలువ. ఆత్రేయపురము పూతరేకులకు పేరుబడ్డదని లోకమెరుగును గాని, అక్కడి మామిడితాండ్ర నిజముగా ఆపత్కాలపు ఆహారము. రసమును చాపలపై పొరపొరగా పరచి ఎండబెట్టిన ఆ తాండ్ర నెలలు నిలుచును; చిన్నపిల్లలును ముసలివారును మక్కువతో తిందురు. అంతరిక్షమునకు పోయిన మామిడిబిళ్ళకును ఆత్రేయపురపు తాండ్రకును చుట్టరికము మిక్కిలి దగ్గర.

వీని యన్నిటిలోను ఉన్న గుణమొక్కటే: తేమ లేకపోవుట. తేమ లేనిచోట క్రిమి పెరుగదు. కాని మన సీమకు గల దోషమును అదియే. సముద్రపు గాలిలో తేమ హెచ్చు. మూట విప్పియుంచిన అటుకులు నాలుగు దినములలో మెత్తబడును, బెల్లము కారును, వేరుసెనగకు బూజు పట్టును. బూజుపట్టిన వేరుసెనగ విషప్రాయమని వైద్యులు చెప్పుచున్నారు. ఇదివరకు మన పెద్దలు కుండలలో పెట్టి మూతికి గుడ్డకట్టి అటకపై నుంచిరి. నేడు అంతకంటె మేలైన సాధనము దొరకును. అంచులు వేడితో అంటించు చిన్నయంత్రమొకటియు, దళసరి సంచులును ఉన్నచో ఏ మహిళాసంఘము వారైనను ఈ పని నేర్చుకొనగలరు. సంచిపై కట్టిన తేది వ్రాయుట మాత్రము మరువరాదు.

లెక్క యెంత

మాటలకంటె లెక్క మేలు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు సహాయ శిబిరములకు విధించిన కనీస ప్రమాణముల ప్రకారము పెద్దవానికి దినమునకు 2,400 కెలోరీల ఆహారమును, 3 లీటర్ల త్రాగునీరును ఉండవలయును. 300 గ్రాముల అటుకులు, 100 గ్రాముల వేయించిన సెనగపప్పు, 100 గ్రాముల వేరుసెనగ, 100 గ్రాముల బెల్లము, ఈ 600 గ్రాములలో ఆ ప్రమాణమునకు దగ్గరగా వచ్చును. ఒక ముక్క తాండ్రయో, కురిడీ కొబ్బరియో చేర్చినచో కొరత తీరును. మూడు దినములకు మనిషికి రెండు కిలోలకు లోపే. వేయిమంది కాపురముండు లంకకు 18 క్వింటాళ్లు. అందులో సగము అటుకులు. ఒక చిన్నగది దీనికి చాలును. ఒక పెద్దరైతు ధాన్యపుకొట్టులో మూల నొదిగిపోవు సరకునకు వేయిమంది ప్రాణముల బాధ్యత అప్పగింపవచ్చునని పాఠకులు గ్రహింపగోరెదము.

నీటి విషయము దీనికంటె కష్టము. చుట్టును నీరే యుండును, గ్రుక్కెడు త్రాగుటకుండదు. వరదనీటిలో అటుకులు నానబెట్టి తిన్నచో ఆహారమే రోగమగును. కాబట్టి ఆహారముతో పాటు నీటి యేర్పాటు విధిగా నుండవలయును. ధవళేశ్వరము వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరికయు, 13 లక్షలకు రెండవదియు, 17 లక్షలకు మూడవదియు ఇత్తురు. భద్రాచలమున గోదావరి పెరిగిన వార్త అంతకుముందే మనకు చేరును. మొదటి హెచ్చరిక వచ్చిన దినముననే ఊరి ఎత్తుటంకిని నిండ నింపి, ప్రతి యింటి బిందెలను నింపించి, ఆ పిమ్మట మునుగబోవు కుళాయిల దారి కట్టివేసి, టంకివద్దనే నీరు పట్టుకొను ఏర్పాటు చేయవలయును. నీటిని శుద్ధిచేయు క్లోరిను బిళ్ళలును, విరేచనములకు ఇచ్చు ఉప్పు పంచదారల పొట్లములును ఆ గదిలోనే ఉండవలయును. కోనసీమకు దైవమిచ్చిన మరియొక నీటిపాత్ర కొబ్బరిబొండము. పెంకు చెదరని కాయలోని నీరు శుభ్రమైనది. హెచ్చరిక వచ్చిన దినమున ప్రతి తోటదారుడును కొన్ని గెలలు దింపించి డాబాపైకి చేర్పించిన పసిపిల్లలకును రోగులకును అది అమృతతుల్యము. నీరు వచ్చిన తరువాత చెట్టెక్కువాడుండడు.

పాలుత్రాగు శిశువునకు తల్లిపాలే ఆహారము. కావున తల్లికి ముందు పెట్టవలయును. ఆపై వయసు పిల్లలకు వేయించి విసరిన పిండియు, తాండ్రయు ప్రత్యేకముగ కట్టియుంచుట మంచిది. పండ్లు లేని ముదుసలి అటుకులు నమలలేడు, అతనికి పేలపిండి. చక్కెరవ్యాధి గలవారికి బెల్లము తగ్గించి పప్పు హెచ్చించుట. ఇవి చిన్న విషయములుగా తోచును గాని, ఇట్టివి ముందుగా యోచింపకపోవుటచేతనే సహాయ సమయమున కలత పుట్టుచుండును.

ఎవరు పూనుకొనవలయును

ప్రభుత్వమే చేయవలసినదని కొందరందురు. ప్రభుత్వము చేయవలసినది చాల కలదు. చేయనిచో అడుగుట మన విధి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన పిమ్మట మన తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచినవి. అట్టి ప్రతి భవనమునను, మెరకనున్న ప్రతి పాఠశాలయందును, పై అంతస్తులో ఒక గదిని ఆహారపు నిలువకు కేటాయించుట ప్రభుత్వమునకు కష్టము కాదు. కాని గది తాళముచెవి మండలకేంద్రమున నుండరాదు. నీరు వచ్చినపుడు తాళముచెవి తెచ్చువాడు రాలేడు. తాళముచెవి ఊరిలో, ఊరి మనుష్యులలో, ఇద్దరి చేతిలో, అందొకరు స్త్రీ చేతిలో ఉండవలయునని మా దృఢమైన యభిప్రాయము. గ్రామములు తమ పొట్ట తామే పోసికొనవలెనని గాంధీమహాత్ముడు బోధించిన స్వరాజ్యము ఉపన్యాసములందు గాక ఇట్టి గదిలో కనబడవలయును.

పని యీ విధముగ సాగవచ్చును. జూన్ నెలాఖరులోగా పంచాయతీవారు ధాన్యము, పప్పు, వేరుసెనగ, బెల్లము సేకరింతురు. మహిళాసంఘములవారు కూలి పుచ్చుకొని అటుకులు దంపించి, వేయించి, సంచులు కట్టి తేది వేయుదురు. అక్టోబరు మొదటివారమున నిలువను విప్పిచూచి, మూడు మాసములు దాటినదానిని పాఠశాలలకును, అంగన్వాడులకును, వసతిగృహములకును అల్పాహారముగా పంపి క్రొత్తది నింపుదురు. సంక్రాంతినాటికి మిగిలినదానిని ఊరిలో పంచివేయుదురు. ఇట్లు చేసినచో గింజయు వ్యర్థము కాదు. నిలువ ఎప్పుడును క్రొత్తదియే. మహిళలకు ఏటికి రెండుమారులు పని. వరద రాని యేడు నష్టమేమి? పిల్లలు అటుకులు బెల్లము తిన్నారు, అంతియే.

ఇక భూస్వాములకును పట్టణవాసులకును మా మనవి. లంకభూములు మీవి, వానిపై కూరగాయలు, అరటి, పొగాకు పండించు చెమట మీ కౌలుదారులది, కూలీలది. వరద వచ్చినప్పుడు మీ మేడ గట్టుకు ఇవతల, వారి పాక గట్టుకు అవతల. పంట పోయినచో మీకు నష్టము, వారికి పస్తు. ఎకరమునకు కొలచి ఒక కుంచెడు ధాన్యము ఈ నిలువకు ఇచ్చుట మీకు భారము కాదు. వరదనాడు పులిహోరకు వేలు చందా వ్రాయు చేయి, వేసవినాడు అటుకులకు వందలు వ్రాయుటకు వెనుదీయరాదు. ఆ సమయమున ఫోటోలు తీయువారుండరన్నది నిజమే. ఇల్లు కాలునప్పుడు నూయి త్రవ్వువాని శ్రమను ఎవ్వరు కాదనరు. కాని ముందుగ త్రవ్వినవాని నూతినుండియే నీరు వచ్చును.

దొంగతనము జరుగునని ఒక ఆక్షేపణ. నిజమే, తాళము లేని గదిలో ఏదియు నిలువదు. లెక్కపుస్తకము గ్రామసభలో చదివి వినిపించినచో ఆ భయము తగ్గును. ఎవరు ముట్టిన ఎవరు తినరను సందేహము ఇంకొకటి. ఈ మాట నోట పలుకుటకు సిగ్గుపడు కాలము వచ్చినదని సంతోషింతుము. ఐనను మనసులలో మిగిలియున్నది. మూసిన సంచికి ఒక సుగుణము కలదు. అందరికి ఒకే తూకము, ఒకే ముద్ర, ఒకే ఆహారము. అగ్రహారమునకొకటి, పేటకొకటి యని అది ఎరుగదు. వరదయు ఎరుగదు.

అన్నదానమను మాటకు కోనసీమలో ప్రత్యేకమైన అర్థము కలదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళ లేక వచ్చినవారికెల్ల వడ్డించి, ఆ పేరునకు ప్రాణము పోసిరి. నదులు దాటి వచ్చు బాటసారులకు వారి యిల్లే అన్నసత్రము. గన్నవరమున వైనతేయముపై అక్విడెక్టునకు వారి పేరు పెట్టితిమి; పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకును పెట్టితిమి. ఆ తల్లి గొప్పతనము వడ్డించుటలోనే కాదు. అతిథి యేవేళ వచ్చినను వడ్డించుటకు ఇంట సిద్ధముగా ఉంచుకొనుటలో నున్నది. ముందుచూపు లేని దయ అంతటి కీర్తిని సంపాదింపజాలదు.

మన లంకలకు వరద యను అతిథి చెప్పియే వచ్చుచున్నాడు. నెల చెప్పి, హెచ్చరిక సంఖ్య చెప్పి వచ్చుచున్నాడు. అతడు వచ్చునాటికి ప్రతి లంకలోను ఒక గది, ఆ గదిలో మూడు దినముల యన్నము సిద్ధముగా ఉండవలయునని మా కోరిక. ఈ వేసవిలో ఒక్క పంచాయతీయైనను, ఒక్క లంకలోనైనను దీనిని ఆరంభించినచో తక్కినవి తామే అనుసరించును. అమలాపురము, కొత్తపేట, రాజోలు తాలూకాల పెద్దలు ఇందుకు ముందడుగు వేయుదురని నమ్ముచున్నాము.